ట్రాక్టరు ట్రక్కుకు దారి దుమ్ము, రాళ్ళ నుండి రక్షణ

ట్రాక్టరు ట్రక్కుకు దారి దుమ్ము, రాళ్ళ నుండి రక్షణ అనగా, ట్రాక్టరు తన వెనుక ట్రక్కును లాగుకొని పోయేటప్పుడు ట్రాక్టరు చక్రాలు ఎగజిమ్మే రాళ్ళు, ఇసుక, బురద, నీరు ఆ ట్రక్కుకూ, అందులోని సరుకుకూ తగలకుండా చేసే ఏర్పాట్లు. ఒక వాహనం మరొక వాహనాన్ని లాగే ప్రతి చోటా ఈ సమస్య ఉంటుంది. అమెరికా వంటి దేశాలలో మోటారు ఇంటి వెనుక కట్టుకొని పోయే కారు అద్దాలు, రంగు దెబ్బతినకుండా చూడడం దీని ముఖ్యోద్దేశం. ఆంధ్ర ప్రదేశ్‌లోని పూర్వపు గుంటూరు, ప్రకాశం జిల్లాల మైదాన ప్రాంతంలో మాత్రం కాపాడవలసినది బండి రంగును కాదు, బండిలోని పంటను. ఏడాది కష్టానికి వచ్చే ధర పత్తి తెలుపు మీద, మిరప ఎరుపు మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి, చేను నుండి మార్కెట్టు వరకు సాగే ఆ చివరి ప్రయాణం రైతుకు ముఖ్యమైనది.

పేర్లు

ఆంగ్లంలో ట్రక్కు అంటే లారీ. కాని కోస్తా జిల్లాలలో ట్రాక్టరు వెనుక తగిలించే బండినే "ట్రక్కు" అంటారు. ఇతర ప్రాంతాలలో ట్రాలీ, ట్రయిలరు, తొట్టి అనే పేర్లు వినిపిస్తాయి. ఈ వ్యాసంలో ట్రక్కు అన్న మాట ఆ అర్థంలోనే వాడబడింది.

మోటారు వాహనాల చట్టం, 1988 లోని 2వ సెక్షను ప్రకారం, ట్రాక్టరు తనంతట తాను బరువు మోయడానికి నిర్మించబడని మోటారు వాహనం. మోటారు వాహనం చేత లాగబడేది, లాగడానికి ఉద్దేశించబడినది ట్రయిలరు. కావున చట్టం దృష్టిలో ఇవి రెండు వేర్వేరు వాహనాలు. ఒకటి లాగుతుంది, రెండవది మోస్తుంది.

నేల, దారులు, కాలం

2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనతో పూర్వపు గుంటూరు జిల్లా గుంటూరు, పల్నాడు, బాపట్ల జిల్లాలుగా విడిపోయింది. ప్రకాశం జిల్లా లోని పర్చూరు, అద్దంకి, చీరాల ప్రాంతాలు బాపట్ల జిల్లాలో చేరాయి. సరిహద్దులు మారినా నేల స్వభావం ఒక్కటే. ఈ మైదానంలో చాలా భాగం నల్లరేగడి. రేగడిలోని బంకమన్ను తడిస్తే ఉబ్బుతుంది, జిగురుగా మారి చక్రానికి అంటుకుంటుంది. ఎండితే నెర్రెలు విచ్చి, గట్టి పెళ్ళలుగా విడిపోతుంది. పల్నాడు వైపు, ప్రకాశం పడమటి వైపు గులకరాళ్ళు కలిసిన ఎర్రనేలలు కూడా ఉన్నాయి.

ఒక మిరప గోతం ఇంటి నుండి మార్కెట్టుకు చేరేలోగా సాధారణంగా మూడు రకాల దారులు దాటుతుంది. మొదటిది పొలంలోని డొంక, లేదా కాలువ కట్ట. రెండవది కంకర తేలిన గ్రామ రహదారి. మూడవది తారు రోడ్డు. ఇది చాలామందికి 16వ నంబరు జాతీయ రహదారి (2010కి ముందు 5వ నంబరు) లేదా వినుకొండ, నరసరావుపేటల మీదుగా గుంటూరు వచ్చే రోడ్డు. మొదటి దారిలో టైరుకు పట్టిన బురద మూడవ దారిలో, వేగం పెరిగిన తరువాత ఊడి ఎగురుతుంది.

పత్తి తీత సాధారణంగా అక్టోబరు, నవంబరులలో మొదలవుతుంది. అప్పటికి ఈశాన్య రుతుపవనాల వానలు, తుపానులు పోవు. అందువలన పత్తికి ప్రధాన శత్రువు బురద. మిరప కోత జనవరి నుండి జరుగుతుంది. కళ్ళాలలో ఆరబెట్టిన కాయ ఫిబ్రవరి నుండి ఎండలు ముదిరే దాకా గుంటూరు మిర్చి యార్డుకు వస్తుంది. అది పొడి కాలం. కావున మిరపకు ప్రధాన శత్రువు దుమ్ము, ఇసుక. అకాల వర్షం పడితే రెండూ కలిసి వస్తాయి.

ఎడ్ల బండి కాలంలో

ట్రాక్టర్లు రాక మునుపు పంట ఎడ్ల బండ్లపై మార్కెట్టుకు పోయేది. ఇనుప కమ్ములు వేసిన కొయ్య చక్రం మనిషి నడకకు కొంచెం అటూ ఇటూగా సాగేది. అంత తక్కువ వేగంలో రాయి ఎగరదు. పైగా లాగేవి ఎద్దులు కాబట్టి ముందు చక్రం వెనుక బండి మీదికి చిమ్మే ప్రసక్తే లేదు. ఎద్దుల గిట్టల దుమ్ము మాత్రం ఉండేది. దానికి పైన కప్పిన గోనెపట్టా సరిపోయేది. ట్రాక్టరు వచ్చిన తరువాత బరువు, వేగం, చక్రపు పరిమాణం పెరిగాయి. ఎగజిమ్మే సమస్య వీటితో పాటు వచ్చినదే.

రాళ్ళు, బురద ఎగిరే విధానం

ట్రాక్టరు వెనుక టైరుకు ఏటవాలుగా లోతైన పట్టీలు ఉంటాయి. దుక్కిలో పట్టు దొరకడానికి ఉద్దేశించిన ఈ పట్టీల సందులలో బురద, రాళ్ళు ఇరుక్కుంటాయి. చక్రం తిరిగేటప్పుడు సందులోని పెళ్ళ చక్రంతో పాటు తిరుగుతూ, పట్టు వదిలిన చోట నుండి స్పర్శరేఖ దిశలో బయటికి దూసుకుపోతుంది. నేలను విడిచి పైకి లేచే భాగం చక్రానికి వెనుకవైపు ఉంటుంది కాబట్టి పెళ్ళ వెనుకకు, కొంచెం పైకి పోతుంది. సరిగ్గా అక్కడ ఉండేది ట్రక్కు ముందు భాగమే. ట్రాక్టరు మడ్‌గార్డు చక్రం పైభాగాన్ని మాత్రమే కప్పుతుంది. వెనుక, క్రింది భాగం తెరిచే ఉంటుంది.

ఇలా ఎగిరిన రాయి బండితో పోల్చినప్పుడు దాదాపు బండి వేగంతోనే వెనుకకు పోతుంది. దాని దెబ్బ బలం వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది. వేగం రెట్టింపయితే దెబ్బ నాలుగు రెట్లవుతుంది. గంటకు 25 కి.మీ. వేగంలో ఎగిరిన రాయి కంటే 80 కి.మీ. వేగంలో ఎగిరిన అదే రాయి దెబ్బ పది రెట్లు ఉంటుంది. అందుకే ట్రాక్టరు ట్రక్కుకు రాయి తగిలి రేకు సొట్టపడడం అరుదు. బురద, దుమ్ము చేసే నష్టమే ఎక్కువ. లారీ, మోటారు ఇల్లు వంటి వేగవంతమైన వాహనాల వెనుక రాయి దెబ్బే ప్రధానం.

ఇవి కాక మరి రెండు మార్గాలున్నాయి. గతుకులోని నీటిని టైరు నొక్కినప్పుడు బురదనీరు పక్కలకు, వెనుకకు చిమ్ముతుంది. కదిలే ట్రాక్టరు వెనుక గాలి సుడి తిరగడం వలన పొడి దుమ్ము పైకి లేచి సరుకు మీద పేరుకుంటుంది.

సరుకుకు జరిగే నష్టం

పత్తి: పత్తి పింజకు అంటిన బురద దులిపితే పోదు. జిన్నింగు మిల్లులో గింజ వేరైనా మరక దూదిలోనే ఉండిపోతుంది. తడిస్తే తేమ శాతం పెరుగుతుంది. భారత పత్తి సంస్థ 8 శాతం తేమను ప్రామాణికంగా తీసుకొని, 12 శాతం వరకు తేమకు తగ్గట్టు ధర తగ్గించి కొంటుంది. 12 శాతం దాటితే తిరస్కరిస్తుంది. 2025-26లో పొడవు పింజ పత్తికి కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. తేమ ప్రతి ఒక్క శాతం పెరిగినా ఆ మేరకు కోత పడుతుంది.

మిరప: ఎండు మిరపకాయ తొడిమ వద్ద, ముడతలలో సన్నని ఇసుక నిలుస్తుంది. భారత ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం ఎండు మిరపకాయలలో తేమ 11 శాతం, ఇతర పదార్థాలు 1 శాతం, ఆమ్లంలో కరగని బూడిద 1.3 శాతం మించరాదు. ఆమ్లంలో కరగని బూడిద అంటే ముఖ్యంగా ఇసుక, మట్టి. అనగా దారిలో పట్టిన దుమ్ము ప్రయోగశాలలో అంకె రూపంలో కనిపిస్తుంది. తడిసిన కాయ రంగు చెడి తాలుగా మారుతుంది, బూజు పడుతుంది. కొన్ని బూజుల నుండి అఫ్లాటాక్సిన్ అనే విషపదార్థం పుడుతుంది. ఐరోపా సమాఖ్యకు ఎగుమతి చేసే మిరపలో మొత్తం అఫ్లాటాక్సిన్ కిలోకు 10 మైక్రోగ్రాములు మించరాదు. భౌగోళిక గుర్తింపు పొందిన గుంటూరు సన్నం మొదలుకొని ఈ ప్రాంతపు మిరప విదేశాలకు పోతుంది కాబట్టి ఈ హద్దు రైతుకు కూడా సంబంధించినదే.

ట్రక్కు: ముందు రేకు రంగు పోయి తుప్పు పట్టుతుంది. హుక్కు, పిన్ను, వెనుక దీపాలకు పోయే వైరు బురద పట్టి పాడవుతాయి. పిన్ను అరిగిన సంగతి బురద చాటున కనిపించదు. అందువలన శుభ్రత ఇక్కడ ప్రాణరక్షణకు కూడా సంబంధించిన విషయం.

రక్షణ పద్ధతులు

రాయి పుట్టిన చోటుకు ఎంత దగ్గరలో ఆపితే అంత తేలికగా ఆగుతుంది. ఈ సూత్రాన్ని బట్టి రక్షణ పద్ధతులను వరుసగా ఇలా చెప్పవచ్చు.

1. టైరు శుభ్రత: పొలం నుండి తారు రోడ్డు ఎక్కే ముందు బండి ఆపి, పారతోనో కర్రతోనో టైరు సందులలోని బురద పెళ్ళలు రాల్చివేయడం. ఖర్చు లేనిది, అన్నిటికంటే ఫలితమిచ్చేది ఇదే. రోడ్డు మీద పడే బురద కూడా దీనితో తగ్గుతుంది.

2. చక్రం వెనుక రబ్బరు పలక: ట్రాక్టరు మడ్‌గార్డు వెనుక అంచు నుండి దళసరి రబ్బరు పలకను వేలాడదీయడం. పలక టైరు కంటే కొంచెం వెడల్పుగా ఉండాలి. టైరుకు మరీ దగ్గరగా ఉంటే మధ్యలో బురద కూరుకుంటుంది. మరీ క్రిందికి ఉంటే గట్లు దాటేటప్పుడు చిరుగుతుంది. తేలికపాటి పలక గాలికి వెనుకకు లేస్తుంది కావున అడుగు అంచున ఇనుప పట్టీ బిగించడం మంచిది. గొర్రు, నాగలి తగిలించేటప్పుడు అడ్డురాకుండా ఊడదీసుకొనే వీలుండాలి.

3. మధ్య తెర: హుక్కు పైన, ట్రాక్టరుకు ట్రక్కుకు మధ్య ఖాళీలో గట్టి గుడ్డ లేదా రబ్బరు తెర కట్టడం. బండి మలుపు తిరిగినప్పుడు ట్రక్కు ముందు మూల ట్రాక్టరు చక్రానికి చాలా దగ్గరగా వస్తుంది. ఆ చోటు వదలి కట్టకపోతే తెర చక్రంలో చిక్కుకొనే ప్రమాదం ఉన్నది. ఈ కారణం చేత తెరను ట్రక్కు ముందు రేకుకే ఆనించి కట్టడం క్షేమం.

4. ముందు రేకు ఎత్తు పెంచడం: ట్రక్కు ముందు డోరుపై చెక్క లేదా రేకు పలక బిగించి, సరుకు మొదటి వరుస ఎత్తు వరకు తేవడం. మిరప గోతాలకు ఇది బాగా ఉపయోగపడుతుంది. ముందు వరుస గోతాలే ఎక్కువ దుమ్ము తింటాయి. వాటి ముందు ఒక పాత గోనెపట్టా నిలువుగా వేసినా కొంత మేలు.

5. కప్పు: సరుకు మొత్తాన్ని బరకంతో కప్పి మోకులతో బిగించడం. కప్పు ముందువైపు నుండి గాలి దూరకుండా ముందు అంచును ముందు రేకు బయటికి మడిచి కట్టాలి. లోపలికి మడిస్తే ఎగిరిన బురదనీరు జారి సరుకులోకే దిగుతుంది.

6. వేగం: పై ఏర్పాట్లు ఏవీ లేనప్పుడు మిగిలేది నెమ్మదిగా పోవడం. గతుకుల వద్ద, కంకర పరిచిన చోట, ఎదురుగా లారీ వచ్చేటప్పుడు వేగం తగ్గించాలి.

రక్షణ వలన వచ్చే చిక్కులు

ఏ కప్పు ఏ సరుకుకు తగునో చూడకుండా కప్పితే, దుమ్ము వలన కలిగే నష్టం కంటే కప్పు వలన కలిగే నష్టమే ఎక్కువ కావచ్చు.

పత్తిపై ప్లాస్టిక్కు బరకం, ఎరువుల సంచులతో కుట్టిన పట్టా వాడితే వాటి అంచుల పోగులు ఊడి పత్తిలో కలుస్తాయి. ఈ పోగులను జిన్నింగులో వేరు చేయడం కష్టం. అవి నూలులో, బట్టలో చేరి రంగు పట్టక తెల్లని మచ్చలుగా మిగులుతాయి. గోనె పీచు, తల వెంట్రుకలు, కోడి ఈకలు కూడా ఇలాంటి కల్తీలే. భారత ప్రభుత్వం 2000లో ప్రారంభించిన పత్తి సాంకేతిక మిషన్ ఉద్దేశాలలో ఈ కల్తీని తగ్గించడం ఒకటి. కావున పత్తిని తాకే మొదటి పొర నూలు గుడ్డ కావాలి. వాన భయం ఉంటే దానిపై, అంచులు చిరగని టార్పాలిను వేయాలి. కట్టే తాళ్ళు కూడా నూలువైతే మేలు.

మిరపలో చిక్కు వేరు. గాలి ఆడని బరకం క్రింద పగటి వేడికి కాయలోని తేమ ఆవిరై పైకి చేరి, రాత్రి చల్లదనానికి బరకం లోపలి వైపు నీటి బొట్లుగా మారి తిరిగి గోతాలపై పడుతుంది. యార్డు వద్ద వరుసలో రాత్రంతా నిలిచిన బండ్లలో ఇది జరుగుతుంది. దారిలో దుమ్ము నుండి కాపాడిన బరకమే నిలిచిన చోట బూజుకు కారణం కాగలదు. అందువలన బండి కదిలేటప్పుడు కప్పడం, వాన లేనప్పుడు నిలిచిన చోట పక్కలు ఎత్తి గాలి ఆడనివ్వడం, గోతాలకు బరకానికి మధ్య ఒక గోనెపట్టా వేయడం పాటించదగినవి.

సంగ్రహంగా చెప్పాలంటే: పత్తికి నూలు గుడ్డ, మిరపకు గాలి ఆడే కప్పు, రెంటికీ శుభ్రమైన టైరు.

వెనుక వచ్చేవారి రక్షణ

ముందు చక్రం నుండి ట్రక్కును కాపాడుకున్నట్లే, ట్రక్కు నుండి వెనుక వచ్చేవారిని కాపాడడం కూడా బండి వాని బాధ్యత. ట్రక్కు చక్రాలు కూడా రాళ్ళు చిమ్ముతాయి. వాటి వెనుక సాధారణంగా వచ్చేది ద్విచక్ర వాహనం. రాయి తగిలినా, కంట్లో మిరప దుమ్ము పడినా అతడు అదుపు తప్పుతాడు. ట్రక్కు చక్రాలకు కూడా వెనుక రబ్బరు పలకలు ఉండాలి. విడిపత్తి తెచ్చే బండ్ల నుండి పింజలు ఎగిరి దారి పక్క తుమ్మచెట్ల ముళ్ళకు వేలాడడం ఈ ప్రాంతంలో పరిచిత దృశ్యం. అది రైతుకు నష్టం, వెనుకవారికి ఇబ్బంది. వెనుక దీపాలు, ఎర్రని ప్రతిఫలన పట్టీలు బురద పట్టి కనిపించకపోతే రాత్రివేళ నిలిచిన ట్రక్కును వెనుక వాహనం ఢీకొనే ప్రమాదం ఉన్నది. కావున చీకటి పడక ముందే ఒకసారి వాటిని తుడవడం అవసరం. వ్రేలాడే బరకం వీటిని కప్పివేయకుండా చూడాలి.

చట్టం

మోటారు వాహనాల చట్టంలోని 194వ సెక్షను అధిక బరువుకు సంబంధించినది. 2019 సవరణ ప్రకారం అధిక బరువుకు 20,000 రూపాయలు, అదనపు ప్రతి టన్నుకు మరి 2,000 రూపాయలు జరిమానా. సరుకు బండి పక్కలకు, ముందుకు, వెనుకకు, ఎత్తుకు హద్దు మీరి పొడుచుకొని వస్తే 20,000 రూపాయలు జరిమానా, సరుకు దింపే ఖర్చు కూడా భరించాలి. పత్తి తేలిక, కాని చోటు ఎక్కువ తీసుకుంటుంది. కాబట్టి బరువు హద్దు దాటకపోయినా పరిమాణపు హద్దు దాటడం సులభం. డోర్లు దాటి పొంగిన సరుకును ఏ కప్పూ పూర్తిగా కాపాడలేదు.

ఒక మోటారు వాహనం దేనిని లాగవచ్చునో కూడా నియమాలున్నాయి. 1989 నాటి రహదారి నియమాల ప్రకారం చెడిపోయిన వాహనం, పూర్తిగా బిగించని వాహనం, నమోదైన ట్రయిలరు, పక్క తొట్టి తప్ప మరొక వాహనాన్ని లాగరాదు. లాగే వాహనానికి, లాగబడే వాహనానికి మధ్య దూరం 5 మీటర్లకు మించరాదు. 2017లో వీటి స్థానంలో మోటారు వాహనాల డ్రైవింగు నిబంధనలు వచ్చాయి.

ఇతర దేశాలలో

అమెరికాలో పడక, వంటగది గల మోటారు ఇళ్ళలో దూర ప్రయాణాలు చేసేవారు, విడిది చేసిన చోట తిరగడానికి ఒక చిన్న కారును వెనుక తగిలించుకొని పోతారు. దీనిని సరదాగా "టోడ్" అంటారు. ఆంగ్లంలో "లాగబడినది", "గోదురు కప్ప" అనే రెండు మాటల ఉచ్చారణ ఒక్కటే కావడం ఈ పేరుకు కారణం. కారు నాలుగు చక్రాలూ నేలపై దొర్లవచ్చు, లేదా ముందు చక్రాలను చిన్న రెండు చక్రాల బండిపై ఎక్కించవచ్చు, లేదా కారు మొత్తాన్ని ట్రయిలరుపై ఎక్కించవచ్చు.

అక్కడ వాడే రక్షణలు కూడా పైన చెప్పిన వరుసలోనివే. మోటారు ఇంటి వెనుక చక్రాలకు పలకలు, దాని వెనుక భాగం పొడవునా వేలాడే రబ్బరు తెర లేదా కుచ్చు, లాగే కడ్డీపై నిలబెట్టే పలక, రెంటి మధ్య బిగించే గుడ్డ తెర, కారు ముందు భాగానికి తొడుగు లేదా పారదర్శకమైన పొర ఉపయోగిస్తారు. వాటికీ చిక్కులున్నాయి. తెరకు తగిలిన రాయి నేలపై పడి మళ్ళీ ఎగిరి కారుకు తగలవచ్చు. గుడ్డ తొడుగు క్రింద ఇసుక చేరితే గాలికి అదే రాపిడి పెట్టి రంగు చెరుపుతుంది. మిరప బరకం క్రింది తేమ, కారు తొడుగు క్రింది ఇసుక చెప్పే సంగతి ఒక్కటే. కప్పు ఎంత మంచిదైనా, దాని క్రింద ఏమి చేరుతున్నదో అప్పుడప్పుడు ఎత్తి చూడవలసిందే.

ఇవి కూడా చూడండి

* ట్రాక్టరు
* ఎడ్ల బండి
* నల్లరేగడి నేల
* పత్తి
* మిరప
* గుంటూరు మిర్చి యార్డు